పైన తాడు పట్టేవాడు

ముత్యం లీవు పేరు చెప్పి నేపాల్ వెళ్ళి, అక్కడ రెండో పెళ్ళి చేసుకొచ్చాడని జయకుమారి గారు అంటున్నారట. ఆ మాట నా దాకా మోసుకొచ్చింది ఆవిడ భర్త సాలమన్. ఆయన మా కంపెనీలోనే డ్రాయింగులు గీస్తాడు. దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో వాళ్ళ ఫ్లాటూ, నేను మరో ముగ్గురితో ఉండే గదీ ఎదురెదురు. ఆవిడ ఒక క్లినిక్కులో నర్సు. జ్వరమని సర్టిఫికెట్టు రాయించుకోవడానికి ముత్యం అక్కడికే వెళ్ళాడు. థర్మామీటరు పెట్టబోతే చొక్కా కాలరు కింద తాడు కనబడిందట.

"పసుపుతాడు కాదంటండీ, ఏదో దారాలు పేనిందంట," అన్నాడు సాలమన్ నన్ను మెట్ల మీద ఆపి. "తొమ్మిది ముళ్ళున్నాయంట. మా ఆవిడ లెక్కెట్టింది. మగోడి మెడలో తాడు కట్టే ఊరు ఎక్కడన్నా ఉంటదేటండీ తిరుమల్ గారూ? అక్కడ ఆడోళ్ళే కడతారు కాబోలు. ఇంటికాడ పెళ్ళాం పిల్లలున్నోడు కదా అని ఈవిడ ఒకటే బాధ."

"జ్వరం ఉన్నదా మరి?"

"ఒంట్లో ఏం లేదంట. చేతులు మాత్రం ఆగట్లేదంట, వణుకు. కొత్త పెళ్ళికొడుకు కదండీ."

సాలమన్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముత్యం వచ్చి పదకొండు రోజులు. ఒక్కరోజు కూడా డ్యూటీ ఎక్కలేదు. హాజరు రాసేది నేనే.

నాది కోరుట్ల దిక్కు. జగిత్యాలలో డిగ్రీ చదివాను. ఆ కాగితం పుణ్యాన ఖతార్‌లో తట్ట మోయకుండా టైమ్ కీపర్ పని దొరికింది. ముత్యం మా పక్క ఊరివాడు, కల్లు గీసే ఇంటివాడు. పన్నెండేళ్ళ వయసు నుంచి తాటిచెట్లెక్కాడు. మా దిక్కు గీత గీసేవాడు తన మోకు తానే కట్టుకుంటాడు. ఆ తాడు మీద ఇంకొకని చెయ్యి పడనియ్యడు. ఇంట్లో పెళ్ళాం దాన్ని దాటిపోయినా తిడతాడు. అటువంటివాడు ఇక్కడికొచ్చి, ఏ ఊరో ఏ కొండో ఎరుగని మనిషి చేతిలో తాడు పెట్టి కిందికి దిగే పనిలో పడ్డాడు.

పని ఏమంటే, సల్వా రోడ్డు అవతల ఒక పెద్ద నీళ్ళ ట్యాంకు. సిమెంటు పెచ్చులు లేచిన చోట గీకి, పూడ్చి, రంగు వెయ్యాలి. పైనుంచి జూలా దింపుతారు. జూలా అంటే పెద్దదేం కాదు, తాళ్ళకు కట్టిన ఒక చెక్క. దాని మీద ఒకడు కూర్చుంటే, పైనున్నవాడు తాడును ఇనుప గుంజకు చుట్టి, కొంచెం కొంచెం వదులుతూ ఉంటాడు. నూట యాభై అడుగుల ఎత్తు. కిందివానికి నడుముకు రెండో తాడు కూడా ఉండాలని కంపెనీ కాగితం మీద ఉంది. తాడు మాత్రం స్టోరులో ఉంది.

ఆ పైన పట్టేవాడే మాయిలా. అది పేరు కాదు, రెండో కొడుకు అని అర్థమట, మొదటివాడు పురిట్లోనే పోయాడట. నేపాల్ కొండల్లో గురుంగు కులం. పొట్టివాడు, గట్టివాడు. రెండేళ్ళు ముత్యంతో ఒకే గదిలో ఉండి మా తెలుగు మాట్లాడటం నేర్చాడు. జోడీలు రాసిన కాగితంలో వాళ్ళిద్దరి పేర్లూ పక్కపక్కన రాసింది నేనే. పోయిన ఏడు గుంజ బోల్టు ఊడి, ముత్యం సగంలో గాలిలో వేలాడాడు. మాయిలా ఆ తాడును తన నడుముకే చుట్టుకుని, గోడకు కాళ్ళు తన్నిపెట్టి, మనుషులు మెట్లెక్కి వచ్చేదాకా నలభై నిమిషాలు ఆపాడు. అరచేతుల తోలు మొత్తం లేచిపోయింది. ఆనాటి నుంచి ముత్యం ఇంకెవరు తాడు పట్టినా జూలా ఎక్కనన్నాడు.

అటువంటి జోడీ. ఇప్పుడు ముత్యం మాయిలా ఉన్నచోట నిలబడటం లేదు.

"ఏమయ్యా తిరుమల్, మీవాడిది రోగమా పొగరా?" అన్నారు పాల్ గారు గురువారం సాయంత్రం. ఆయన మా సూపర్‌వైజరు, గుడివాడ వైపు మనిషి. "రోగమైతే ఇంటికి పంపిద్దాం. పొగరైనా ఇంటికే పంపిద్దాం. శనివారం పొద్దున జూలా మీద ఉండాలి. లేకపోతే వీసా క్యాన్సిల్ అని చెప్పు."

"నేను మాట్లాడతా సార్."

"మాట్లాడు, మాట్లాడు. మీ మాటలయ్యేలోపు ఎండాకాలం వస్తది."

శుక్రవారం పొద్దున క్యాంపుకు పోయాను. మాయిలా వంట రేకుల కింద ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. నన్ను చూసి కత్తి పక్కనపెట్టి, "తిరుమల్ భాయ్, చాయ్?" అన్నాడు. తర్వాత తాగుతానన్నాను. ముత్యం గదిలో గోడ దిక్కు తిరిగి పండుకుని ఉన్నాడు. నా గొంతు విని లేచాడు. కానీ గదిలో మాట్లాడలేదు. చెప్పులేసుకుని, "నడువన్నా," అని నన్ను గేటు బయటికి, నిలిపిన బస్సుల నీడలోకి తీసుకుపోయాడు. కూర్చున్నాక కూడా వంట రేకుల దిక్కే చూపు.

"పెండ్లి చేసుకున్నవటనే," అన్నాను.

"ఎవలన్నరు?"

"దోహా అంత అంటున్నది."

"అననియ్," అన్నాడు. "గదే నయముంటుండె."

అప్పుడు చెప్పాడు. లీవుకు పోయే ముందు మాయిలా అతన్ని ఒకటి అడిగాడట, ఆ మాటలు ఇవి. నేను ఏడేళ్ళ కింద ఇంట్లో చెప్పకుండా వచ్చిన, పాస్‌పోర్టు గూడ వేరే పేరు మీదిది. మళ్ళ పోవాలని ఉంది, పోతే రానిస్తరో లేదో తెల్వదు. మా ఊళ్ళె ఇప్పుడు కొత్త పద్ధతి పెట్టిండ్రట, బయటి మనుషులు పోయి ఇండ్లల్ల ఉండొచ్చు, ఇంటివాళ్ళతోనే తినొచ్చు, పండొచ్చు. తెల్లోళ్ళు గూడ వస్తున్నరట. నువ్వు ఇండియావోడివి, నీకు వీసా అక్కర లేదు. పోయి నాలుగు దినాలు ఉండు. మా ఇంట్ల పొయ్యి మండుతున్నదా, మా అమ్మ ఉన్నదా, చూసి రా. నా పేరు మాత్రం తియ్యకు.

"ఇంట్ల ఇంకెవలున్నరు అంటే అమ్మ అన్నడు. గంతే. తమ్ముడు ఉండెనని చెప్పలే." ముత్యం నేల మీద పుల్లతో గీస్తున్నాడు. "రెండేండ్ల సంది నా పానం ఆయన చేతుల ఉన్నది. గీమాత్రం చెయ్యనా అనుకున్న. మా ఇంటిదానికి దోస్తు పెండ్లని చెప్పి, కాజీపేటల గోరఖ్‌పూర్ బండెక్కిన."

బోర్డరు దాటి బస్సులు మారి, చివరికి ఒక పూట కొండెక్కి ఆ ఊరు చేరాడట.

"మనకాడ మగపెండ్లోళ్ళకు విడిది ఇచ్చినట్టేనన్నా. ఊరు ఊరంత ఎదురొచ్చింది. డోళ్ళు, సన్నాయిలు. ఆడోళ్ళు వరుసగ నిలబడి మెడల పూలదండలేసిండ్రు. నా ముందల ఇద్దరు తెల్లోళ్ళు. వాళ్ళకేసినట్టే నాకు గూడ వేసిండ్రు. తట్టమోసేటోనికి దండలేందని నాకు సిగ్గైంది. ఆడ ఒక పెన్షన్ సుబేదారు ఉన్నడు, మన ఇండియా మిలిట్రీల చేసిండు. ఎవలు ఎవలింట్ల ఉండాలెనో ఆయనే పంచుతడు. వంతు ప్రకారం. మనకు నచ్చిన ఇల్లు అడుగొద్దు."

మొదటి రెండు రోజులు ఎవరో ముసలి దంపతుల ఇంట్లో ఉన్నాడట. రాగిసంకటి లాంటిది, పులియబెట్టి ఎండేసిన ఆకుకూర పులుసు, పొయ్యి పక్కన గొర్రె ఉన్ని చాప. అతిథి పొయ్యికి ఏ పక్క కూర్చోవాలో కూడా పద్ధతి ఉందట. సుబేదారు సికింద్రాబాదులో మూడేళ్ళు ఉన్నవాడు. పొద్దున ఎదురైతే "ఏం తమ్మీ" అనేవాడట. ముత్యానికి ఊరు నచ్చింది. మూడో రోజు వంతు మారింది. నీలం కిటికీల ఇల్లు, పై ఊట దగ్గర. మాయిలా చెప్పిన గుర్తులే.

"ముసలామె ఒక్కతే. చెవులకు గింతగింత బంగారం. నేను అవ్వా అంటే ఓయ్ అన్నది. మాట తెల్వది, పిలుపు తెలిసింది. నా చేతుల మీద నీళ్ళు తనే పోసింది. నాకు పెట్టినంకనే తిన్నది. పొయ్యి మండుతున్నది, అవ్వ ఉన్నది, నా పని అయిపాయె అనుకున్న. అప్పుడు గోడ చూసిన. రెండు ఫోటోలు. రెండిటికి తెల్ల కండువాలు. ఒకటి మాయిలాది."

"కండువా వేస్తే?"

"అదే, నాకేం ఎరుక? వాళ్ళ మర్యాద గావచ్చు అనుకున్న. నోరు తెరువలే."

నోరు తెరవలేదు గానీ, మరుసటి రోజు చేతులు ఊరుకోలేదు. ముసలామె అడవిలోంచి కట్టెలు తెచ్చుకోబోతే, గీత ఇంట్లో పుట్టినవాడు కూర్చుని చూస్తాడా? అతిథి పని చెయ్యొద్దని ఆమె సైగ చేసినా వినకుండా, కట్టెల మోపు కట్టి, తెచ్చి వాకిట్లో దింపాడు. ఆ మోపుకు వేసిన ముడి, రెండు చుట్లు చుట్టి బొటనవేలి కిందినుంచి వెనక్కి తీసే ముడి, మాయిలా నేర్పింది. ఒక కొస గుంజితే బిగుస్తుంది, ఇంకో కొస గుంజితే మొత్తం ఊడుతుంది. జూలా మీద రెండేళ్ళుగా అదే ముడి వేసి వేసి, ముత్యానికి ఇంకో ముడి చేతికి రావడం లేదు.

"ముసలామె మోపు ముందల కూసున్నదన్నా. ముడి ఇప్పింది. మళ్ళ కట్టింది. మళ్ళ ఇప్పింది. నా దిక్కు చూడలే. లేచి పోయి సుబేదారును తోలుకొచ్చింది."

సుబేదారు ఆ ముడి చూసి, చాలాసేపు మీసం దువ్వుకుని, ఇది నీకెవరు నేర్పారు తమ్మీ అని అడిగాడట. కంపెనీలో అందరూ ఇట్లనే కడతారని ముత్యం అబద్ధం చెప్పాడు. సుబేదారు ఆ మాట ముసలామెకు చెప్పనే లేదు. ఆ ముడి తెలిసిన మగవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే అన్నాడు. ఎప్పుడో పోయిన తండ్రి, ఇద్దరు కొడుకులు. వాళ్ళు కొండ తేనె తీసేవాళ్ళు. నిలువు బండ మీద ఇంటి చూరంత తేనెపట్లు ఉంటాయి. చిన్నవాడు నడుముకు తాడు కట్టుకుని దిగాడు. పెద్దవాడు, అంటే మాయిలా, పైన చెట్టు మొదలుకు చుట్టి పట్టుకున్నాడు. చిన్నవాడు పడ్డాడు. అతనితోపాటే తాడు మొత్తం కిందికొచ్చింది. మాయిలా చెప్పులు ఏటి ఒడ్డున దొరికాయి. తమ్ముడి వెంట తనూ దూకాడనుకున్నారు.

"ఇద్దరికి దినాలు చేసిండ్రట. చిన్నోనికి పీనుగ ఉన్నది. మాయిలాకు లేదు. అందుకని వెదురుతోని బొమ్మ కట్టి, ఆయన అంగి తొడిగి, టోపీ పెట్టి, ఆ బొమ్మకు మూడు దినాలు బువ్వ పెట్టిండ్రు. వాళ్ళ పూజార్లు తొవ్వ చెప్తరట. ఏ ఊరు దాటాలె, ఏ వాగు దాటాలె, ఏ గుట్టెక్కి ముత్తాతల కాడికి పోవాలె అని పాటల చెప్తరట. ఎనుకకు తిరిగి రావద్దని చెప్పి తోలేస్తరు. తోలేసినంక ఆ మనిషి ఊరికి లేడు. మళ్ళ వస్తే వచ్చింది మనిషి కాదంటరు."

"అయితే ఆమెకు కొడుకు బతికి ఉన్నడని తెలిసింది కదా. సంబురపడలేదా?"

ముత్యం నా ముఖంలోకి చూశాడు. "పొయ్యిల కట్టె ఎగదోసింది. ఒక్కటే అడిగింది. సుబేదారు హిందీల చెప్పిండు. నీకు ముడి నేర్పినోడు ఆడ ఏం పని చేస్తడు అని. నేను దిగుతుంటే పైన తాడు పడ్తడని చెప్పిన. నోట్లకెళ్ళి వచ్చిందన్నా, ఆపలేకపోయిన."

బస్సుల అవతల ఎవరో రేడియో పెట్టారు. ముత్యం ఉలిక్కిపడి వంట రేకుల దిక్కు చూసి, మళ్ళీ పుల్ల పట్టుకున్నాడు.

"అవుగాని, ఇన్ని చెప్పినవు. అది ప్రమాదం గూడ కావచ్చు గదా," అన్నాను. "తాడు తెగి ఉంటది. చేతులు జారి ఉంటయి. నిన్ను నలభై నిమిషాలు పట్టిన మనిషి."

"నేను గూడ గదే అనుకోవాలని చూసిన. ఆ తాడు వాళ్ళింట్లనే ఉన్నది. చూరుకు వేలాడేసిండ్రు. ముసలామె నీళ్ళకు పోయినప్పుడు కొస పట్టి చూసిన. నేను గీత గీసేటోన్ని, తిరుమలన్నా. తెగితే కొస పీచు లేస్తది. జారితే కమిలి నల్లబడ్తది, నూనె పూసినట్టు మెరుస్తది. అది కొత్తదాని లెక్క ఉన్నది. రెండు చుట్లు చెట్టుకు ఉంటే ఎవ్వడు ఇడువకుండ మొత్తం తాడు కిందికెట్ల వస్తది?"

డిగ్రీలో అది చెప్పలేదు.

"వచ్చేటప్పుడు ఊరి పొలిమేర దాక వచ్చింది. మెడల గీ దారం కట్టింది. రక్షకు కడ్తరట. కట్టుకుంట ఏదో అన్నది. సుబేదారు చెప్పనన్నడు. నేను ఇడువలే. అప్పుడు చెప్పిండు." ముత్యం దారాన్ని చొక్కాలోకి తోశాడు. "దిగేటప్పుడు కిందికి చూడకు అని అందరు చెప్తరు కదా. ఆమె, పైకి చూస్తుండు అన్నది."

నేను అన్నాను, రేపు జోడీ మారుస్తా, మాయిలాను కిందికి దింపి నిన్ను పైన పెడతా అని. ఆ ఒక్క కాగితమే నా చేతిలో ఉంది.

"వద్దు," అన్నాడు వెంటనే. "ఆయన పానం నా చేతికియ్యకు. నాలుగు దినాలు ఆమె చేతి బువ్వ తిన్న. తాడు పట్టుకున్నప్పుడు నా చేతులకు ఏం యాదికొస్తదో నాకే తెల్వది."

"మరి పాల్ గారు వీసా క్యాన్సిల్ అంటున్నడు."

"ఇంటికి పోతే పిల్లలకు ఏం పెట్టాలె? తాటిచెట్లన్ని ఎండిపోయినయి." పుల్ల విరిచి పడేశాడు. "రేపు ఎక్కుత. నువ్వు గూడ పైకి రా. ఆయన్ను ఒకటి అడిగేది ఉన్నది. నేల మీద అడిగితే ఏదో ఒకటి చెప్తడు. తాడు చేతిల ఉన్నప్పుడు అడుగుత. అప్పుడు చెప్పేది నిజం ఉంటది."

"పిచ్చి లేసిందారా నీకు? అడగాలంటే అడుగు, జూలా ఎక్కకముందు అడుగు."

"నేల మీద చెప్పిన మాటను నమ్మి నూట యాబై అడుగులు ఎట్ల దిగుత?" అన్నాడు. అది కూడా నిజమే.

తిరిగి వస్తుంటే మాయిలా చాయ్ గ్లాసు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. చాయ్ మీద మీగడ కట్టింది. ముత్యం అతన్ని దాటుకుని, తల దించుకుని గదిలోకి పోయాడు.

"నీకు చెప్పిండా?" అన్నాడు మాయిలా.

"ఏం చెప్తడు. ఒంట్ల బాగలేదట."

"నాకు గూడ ఏం చెప్పలే. అమ్మ బాగుంది అన్నడు. పొయ్యిల పొగ వస్తుంది అన్నడు. పొగ సంగతి రెండుసార్లు చెప్పిండు. అమ్మ మొఖం ఎట్లుందో ఒక్కసారి చెప్పలే." గ్లాసు నా చేతికిచ్చాడు. అతని అరచేతులు నున్నగా, గులాబీ రంగులో ఉన్నాయి, పసిపిల్లల చేతుల్లాగా. తోలు లేచి మళ్ళీ వచ్చిన చేతులు. "ఆ దారం ఉత్తగ కట్టరు తిరుమల్ భాయ్. దయ్యం తాకినోనికి కడ్తరు. లేకుంటే దయ్యం దగ్గరికి పోయేటోనికి."

నేను చాయ్ తాగాను. చక్కెర ఎక్కువేశాడు. చాలా మంచివాడు మాయిలా, నా ఏడేళ్ళ నౌకరీలో అతని మీద ఒక్క ఫిర్యాదు రాయలేదు. ఆ మాటే నాకు నేను రోడ్డెక్కేదాకా చెప్పుకున్నాను. గదికి వచ్చి శనివారం కాగితంలో పాత జోడీలే రాశాను. ఇంకేం రాయాలో తోచలేదు. వాళ్ళిద్దరూ తప్ప ఆ పని తెలిసినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

శనివారం పొద్దున గాలి లేచింది. ఎడారి గాలి, కళ్ళలో ఇసుక కొట్టే గాలి. ఇటువంటి రోజు జూలా దింపొద్దని కూడా కాగితం మీద ఉంది. ఆ సంగతి పాల్ గారితో అంటే, "మధ్యాహ్నానికి తగ్గుద్దిలే. నువ్వు టైమ్ రాయవయ్యా, వాతావరణం రాయమాక," అన్నారు.

లోపలి ఇనుప మెట్లు ఎక్కాను. ముందు మాయిలా, నడుమ ముత్యం, వెనక నేను. పైన ట్యాంకు కప్పు చుట్టూ మోకాలెత్తు గోడ. అక్కడికెక్కితే దోహా మొత్తం మట్టి రంగు పొగలో మునిగి ఉంది, సముద్రం ఎటు ఉందో తెలియలేదు. మాయిలా రోజూలాగే తాడు మొత్తం చేతుల మీదుగా తీసి, జానెడు జానెడు చూసుకుంటూ పోయాడు. రెండుసార్లు చూశాడు. గుంజ బోల్టు తన్ని చూశాడు. చుట్లు వేశాడు. ఇంత జాగ్రత్త మనిషి గురించి నేనేం అనుకుంటున్నానని నాకే సిగ్గేసింది. తర్వాత అతను చుట్లలో ఒకటి తీసి మళ్ళీ వేసుకుంటుంటే ఆ సిగ్గు కూడా నిలవలేదు.

ముత్యం గోడ దాటి చెక్క మీద కూర్చున్నాడు. కాళ్ళు అవతల గాలిలో. గాలికి చెక్క ఒకసారి గోడకు కొట్టుకుంది. ఇంకా ఒక చెయ్యి గోడ అంచు మీదే ఉంది. కింద పాల్ గారు చీమంత కనబడుతూ రెండు చేతులూ ఊపుతున్నారు. యల్లా యల్లా, కానియ్యండి అంటున్నారు కాబోలు, ఏమీ వినబడలేదు.

"ఇడువనా?" అన్నాడు మాయిలా. రోజూ అడిగే మాటే. తాడు వదలనా అని.

"ఆగు," అన్నాడు ముత్యం. అతను కిందికి చూడలేదు. మెడ వెనక్కి వంచి మాయిలా ముఖంలోకే చూస్తున్నాడు. "మీ అవ్వ నీకు దినాలు చేసింది. బొమ్మకు నీ అంగి తొడిగి, తొవ్వ చెప్పి తోలేసిండ్రట. నువ్వు ఆ ఊరికి లేవు. పోయినా రానియ్యరు."

మాయిలా ముఖం మారలేదు. తాడు మీద చేతులు మాత్రం ఒకదాని పక్కన ఒకటి సర్దుకున్నాయి. "నా దినాలకు ఎన్ని గొర్లు కోసిండ్రు?" అన్నాడు.

"నాకు తెల్వది."

"పెద్దోనికి ఎక్కువ కొయ్యాలె."

"మాయిలా, మీ ఇంట్ల తాడు చూసిన. కొస పట్టి చూసిన."

గాలి ఇసుక తెచ్చి మా ముగ్గురి ముఖాల మీదా కొట్టింది. ముత్యం కళ్ళు మూయలేదు. నేను ముందుకు పోయి అతని భుజం పట్టుకున్నాను. "ముత్యం, ఇటు రా. గోడ దాటు ముందు. పాల్ గారితో నేను మాట్లాడతా." అతను భుజం విదిలించుకున్నాడు. ఆ ఊపుకు గోడ అంచు మీది చెయ్యి జారింది. చెక్క ఒక అడుగు కిందికి దిగి, తాడు బిగుసుకుని ఆగింది. ఇప్పుడు అతని తల గోడ కింద, కళ్ళు పైకి. ఇనుప గుంజ కిర్రుమంది. మాయిలా కాళ్ళు గోడకు తన్నిపెట్టి వెనక్కి వాలాడు. పట్టుకునే ఉన్నాడు.

"నీ తమ్ముడు ఎట్ల పడ్డడు?" ముత్యం గొంతు గాలిలో సన్నగా వచ్చింది. "జారిందా? ఇడిసినవా?"

మాయిలా నా దిక్కు చూడలేదు. తాడు వెంబడి కిందికి, అతని ముఖంలోకే చూశాడు. నిన్న చాయ్ కావాలా అని అడిగినంత మామూలుగా చెప్పాడు.

"ఇడిసిన. పట్టుకొని ఉంటే వాని ఎంబడి నేను గూడ పోతుంటి. నువ్వు నన్ను కిందికి గుంజినా ఇడుస్త."